మంచినీళ్ళు ఇంటికొచ్చిన దారి

ఒక ఇంట్లో నీళ్ళు ఎలాంటివో తెలుసుకోవాలంటే కందిపప్పు ఎసట్లో వేసి చూడమనేవాళ్ళు మా వైపు పెద్దవాళ్ళు. మంచినీళ్ళయితే పప్పు వెన్నలా మెదుగుతుంది. ఉప్పునీళ్ళయితే కట్టెలు అయిపోతాయిగానీ పప్పు పలుకు వదలదు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుగింజలో ఉండే పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మా అవ్వకు ఈ పేర్లేవీ తెలియవు, పరీక్ష మాత్రం బాగా తెలుసు.

మా పుట్టిల్లు పుంగనూరు. మెట్టినిల్లు అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో మదనపల్లె. చెల్లెల్ని ఇచ్చింది కుప్పం. జిల్లాల గీతలు మారుతూ వచ్చినా ఈ మూడూళ్ళ కింద ఉన్న రాయి ఒకటే, మూడిళ్ళ కష్టమూ ఒకటే. ఈ మధ్య బంధువుల్లో ఏ ఇద్దరు ఆడవాళ్ళు కలిసినా "మీ ఇంట్లో ఏం ఫిల్టరు పెట్టినారు?" అన్న మాట రాకుండా ఉండదు. ఏ కంపెనీ మంచిదని నన్నూ అడుగుతుంటారు. కంపెనీ సంగతి కంటే ముందు తెలుసుకోవలసింది వేరే ఉందని నా అభిప్రాయం. మనం తాగే నీళ్ళు ఎక్కడినుంచి, ఎలా మన వంటింటి దాకా వచ్చాయో తెలిస్తే ఏ మిషను కావాలో, అసలు కావాలో వద్దో మనకే తెలుస్తుంది. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

చెరువు, బావి, చేంతాడు

మాది పెద్ద నదులు లేని మెట్టప్రాంతం. మదనపల్లె పక్కన బాహుదా ఉంది, కుప్పం వైపు పాలారు ఉంది. రెండూ వానొచ్చినప్పుడు పారేవే. పాలారు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, మన రాష్ట్రంలో కాస్త దూరం నడిచి తమిళనాడుకు పోతుంది. అందుకే మన పూర్వీకులు నదుల మీద కాకుండా చెరువుల మీద ఊళ్ళు కట్టుకున్నారు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోయేలా గొలుసుగా కట్టారు. చెరువు నీళ్ళు పొలానికి, చెరువు కింద బావి నీళ్ళు నోటికి. చెరువులో నిలిచిన వాననీళ్ళు మట్టిలోంచి ఇంకుతూ బావిలోకి ఊరేవి. ఇప్పుడు మనం గోడకు తగిలించుకునే ఫిల్టరు పనిలో చాలా భాగం అప్పుడు చెరువుగట్టు మట్టే చేసేది.

ప్రతి ఊర్లోనూ ఎన్ని బావులున్నా "మంచినీళ్ళ బావి" అని ఒకటో రెండో ఉండేవి. మిగతావి స్నానాలకు, బట్టలకు, గొడ్లకు. అవ్వ తెల్లారకముందే గిలక శబ్దం వినిపించేలోగా బావి దగ్గర ఉండేదట. ఆలస్యమైతే నీళ్ళు బురదయ్యేవి. బురద నీళ్ళొస్తే చిల్లగింజను కడవ లోపలి అంచుకు అరగదీసి వదిలేవాళ్ళు. తెల్లారేసరికి మడ్డి అడుక్కు దిగి పైన తేట నిలిచేది. సంస్కృతంలో కతకం అన్నది ఈ గింజనే. మన ఆయుర్వేద గ్రంథాల్లో కూడా దీని ప్రస్తావన ఉంది. తేటనీళ్ళను పాత నూలుచీర ముక్కలో వడగట్టి రాగిబిందెలో పోసేవాళ్ళు.

అవ్వ ఈ సంగతులు చెప్పేటప్పుడు ఒక విషయం మాత్రం గొంతు తగ్గించి చెప్పేది. ఆ బావి దగ్గరకు అందరికీ రానిచ్చేవాళ్ళు కాదు. దళితవాడ ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని దూరంగా నిలబడేవాళ్ళు. ఎవరైనా దయతలచి చేది పోస్తే పట్టుకుని పోవాలి. లేకపోతే ఎంతసేపైనా నిలబడాలి. 1927లో మహాడ్ చెరువులో నీళ్ళు తాగడానికి అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని నడవవలసి వచ్చింది. అలాంటి చెరువులు, బావులు దేశంలో ప్రతి ఊర్లోనూ ఉండేవి, మా ఊర్లోనూ ఉండేది. "ఆ కాలం నీళ్ళు అమృతం" అని ఎవరైనా అంటే నాకు వెంటనే ఆ దూరంగా పెట్టిన బిందెలు గుర్తుకొస్తాయి. నీళ్ళు అమృతమే కావచ్చు, అందరికీ అందలేదు.

బోరింగు వచ్చింది

1960ల చివర్లో దేశంలో పెద్ద కరువులు వచ్చాయి. బిహార్ కరువు సమయంలో యునిసెఫ్ వాళ్ళు గట్టిరాతిని తొలిచే డ్రిల్లింగు రిగ్గులు మనదేశానికి తెప్పించారు. బోరు వేసినంత మాత్రాన సరిపోలేదు, దాని మీద పెట్టిన పోతఇనుము చేతిపంపులు ఊరంతా కొట్టేసరికి నెలల్లోనే విరిగిపోయేవి. షోలాపూర్ పంపు అనే గట్టి నమూనాను ఆధారం చేసుకుని 1970లలో "ఇండియా మార్క్ 2" పంపు తయారుచేశారు. మనం బోరింగు అనేది దాన్నే. అది తర్వాత ఎన్నో దేశాలకు వెళ్ళింది.

మా అమ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో వీధికి బోరింగు వేశారు. దళితవాడకు కూడా వేరేగా ఒకటి వేశారు. "ఒక చేత్తో బిడ్డను, ఒక చేత్తో బోరింగు పిడిని పట్టుకునేదాన్ని, అయినా ఎవురి దయా లేకుండా నీళ్ళొచ్చేవి" అని ఆ వాడనుంచి మా ఇంటికి పాలుపోసే అవ్వ చెప్పేది. నీళ్ళ చరిత్రలో నా దృష్టిలో పెద్ద మలుపు ఇదే.

బోరింగు ఇంకో మేలు చేసింది. దిగుడుబావుల్లోకి కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునేచోట నారికురుపు ఉండేది. నీళ్ళలోని కంటికి సరిగా కనిపించని నల్లి లాంటి పురుగు ద్వారా కడుపులోకి పోయి, ఏడాది తర్వాత కాల్లోంచి దారంలా బయటికొచ్చే పురుగు అది. మన రాష్ట్రం కూడా ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. 1980లలో మొదలుపెట్టిన కార్యక్రమంలో దిగుడుబావులు పూడ్చారు, బోర్లు వేశారు, నీళ్ళు బట్టలో వడగట్టుకోమని ఊరూరా చెప్పారు. 1996లో దేశంలో చివరి కేసు నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. మందు లేదు, టీకా లేదు. ఒక జబ్బును దేశం నుంచి తరిమేసిన పనిలో వడగట్టే బట్ట ముక్కకూ వాటా ఉంది. ఇంటింటి ఫిల్టరు చరిత్ర రాస్తే మొదటి పేరు దానికే ఇవ్వాలి.

తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. తమిళనాడు తిరుచెంగోడు రిగ్గు లారీలు రాత్రింబవళ్ళు మా ఊళ్ళలో తిరిగేవి. వంద అడుగుల్లో పడిన నీళ్ళు మూడొందలకు, అక్కడినుంచి అయిదొందలకు, వెయ్యికి దిగాయి. మా ప్రాంతమంతా గ్రానైటు, దాని జాతి రాళ్ళే. ఆ రాళ్ళలో నీళ్ళు ఇసుకలోలాగా పరుచుకుని ఉండవు, నెర్రెల్లో మాత్రమే ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు రాతితో ఏళ్ళతరబడి కలిసి ఉంటాయి కాబట్టి రాతిలోని లవణాలు వాటిలో కరుగుతాయి. ఉప్పదనం, గట్టిదనం పెరుగుతాయి. కొన్నిచోట్ల ఫ్లోరైడ్ చేరుతుంది.

ఫ్లోరైడ్ కథ మన తెలుగునేలకు బాగా తెలిసిన కథ. దేశంలో దీని జబ్బును వైద్యులు మొదటగా 1937లో అప్పటి మద్రాసు రాజ్యంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. వాళ్ళకంటే ముందు రైతులు తమ ఎద్దులు కాళ్ళు బిగిసి నడవలేకపోవడం గమనించారు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి "నల్గొండ టెక్నిక్" అని ఆ జిల్లా పేరే పెట్టింది. ఫ్లోరైడ్ నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు. పప్పు పరీక్షకు కూడా అది దొరకదు. కాచితే పోదు సరికదా, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో చిక్కబడుతుంది.

కొళాయి, ట్యాంకరు, క్యాను

నేను మదనపల్లెకు కోడలిగా వచ్చేసరికి ఇంట్లో కొళాయి ఉంది, నీళ్ళే రోజూ రావు. వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ పండగలా పట్టుకోవాలి. తొట్టి, డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి పప్పుచెంబు దాకా నింపి మూతలు పెట్టేవాళ్ళం. ఎండాకాలం ట్యాంకరు. ఆ ట్యాంకరు నీళ్ళు ఎవరి బోరువో అడగడానికి కూడా తీరిక ఉండేది కాదు.

2000 తర్వాత ఇరవై లీటర్ల క్యాను వచ్చింది. మొదట పెళ్ళిళ్ళకు, తర్వాత ఆఫీసులకు, ఆ తర్వాత వంటింటికి. ఆటోలో తెచ్చి గుమ్మంలో దించి పోతారు. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో రెండు రూపాయలకు ఇరవై లీటర్ల పథకం మొదలుపెట్టింది. క్యాను నీళ్ళు తియ్యగా ఉంటాయని అందరూ అంటాం. నిజానికి అవి తియ్యనివి కావు, ఉప్పు తీసేసినవి. అలా తీసే మిషనే ఆర్వో. వీధి చివర పెద్దగా ఉన్నదే చిన్నదై మన వంటింటి గోడకెక్కింది.

ఆ మిషను ఎక్కడిది

ఆర్వో అంటే రివర్స్ ఆస్మాసిస్. ఆస్మాసిస్ మనకు కొత్తది కాదు. ఆవకాయకు ముందు మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ఊట ఊరుతుంది కదా, అదే. ముక్కలోని నీళ్ళు పలచటి పొర దాటి ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు వస్తాయి. 1748లో ఫ్రాన్సులో జాన్ ఆంత్వాన్ నోలే అనే ఆయన పంది మూత్రాశయంలో సారా నింపి నీళ్ళలో ముంచితే అది ఉబ్బడం చూసి ఈ సంగతి రాశాడు. మరి వెనక్కి నడిపితే? ఉప్పునీళ్ళ వైపునుంచి గట్టిగా ఒత్తిడి పెడితే ఉప్పు ఇవతలే ఆగి మంచినీళ్ళు మాత్రం పొర దాటి అవతలికి పోవాలి. ఆలోచన తేలికే. అలాంటి పొర తయారుచేయడమే కష్టమైంది.

1950లలో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ అసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని చూపింది. అయితే నీళ్ళు బొట్టుబొట్టుగా తప్ప రాలేదు. 1960 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మనదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పైన అతిపలచని చర్మం, కింద స్పాంజిలాంటి ఆధారం ఉన్న పొర తయారుచేశారు. దాంతో నీళ్ళు ఇంటికి, ఊరికి పనికొచ్చేంతగా పారాయి. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే ఊరికి ఈ పద్ధతిలో తాగునీళ్ళు ఇచ్చారు. ఆ ఊరి బోరునీళ్ళు మనవాటిలాగే ఉప్పన. ఒకప్పుడు తాగునీళ్ళను రైల్లో తెప్పించుకున్న ఊరది. ఇది చదివినప్పుడు నాకు జోలార్‌పేట గుర్తుకొచ్చింది. కుప్పం మీదుగా పోయే రైలుదారిలోనే ఉంది ఆ ఊరు. 2019 జులైలో చెన్నైకి నీళ్ళ రైళ్ళు అక్కడినుంచే పోయాయి.

1970ల చివర్లో జాన్ కాడాట్ అనే అమెరికన్ ఇంకా పలచని పాలిఅమైడ్ పొర కనిపెట్టాడు. ఇప్పుడు మన ఇళ్ళలోని గొట్టంలో చాపలా చుట్టి ఉండేది ఆ జాతి పొరే. మనదేశంలో ఇంటింటి ఫిల్టరుగా 1980లలో వచ్చిన ఆక్వాగార్డ్ అతినీలలోహిత కాంతితో క్రిములను చంపేది, ఉప్పును తీసేది కాదు. 1999లో మొదలైన కెంట్ లాంటి కంపెనీలతో ఆర్వో ఇళ్ళలోకి వచ్చింది. హేమమాలిని ప్రకటనలు చూడనివాళ్ళు ఉండరు. పదేళ్ళు తిరిగేసరికి పెళ్ళి సారెలో మిక్సీ పక్కన ఆర్వో కూడా చేరింది.

గోడకెక్కిన రోజు

మా మదనపల్లె ఇంట్లో 2009లో పెట్టించాం. బిగించడానికి వచ్చిన అబ్బాయి పని చేస్తుంటే మా అత్తమ్మ, నేను పక్కనే నిలబడి చూశాం. సింకు కొళాయికి ఒక చీలిక పెట్టి సన్నగొట్టం లాగాడు. ఆ గొట్టం మొదట బయట తగిలించిన డబ్బాలోకి పోతుంది. అందులో తెల్లటి దారపుకండె లాంటిది మట్టిని ఆపుతుంది. తర్వాత కార్బన్, అంటే బొగ్గు. అది వాసనను, క్లోరిన్‌ను పడుతుంది. క్లోరిన్ తగిలితే పొర పాడవుతుంది కాబట్టి బొగ్గు అడ్డం ఉండాలి. ఆ తర్వాత చిన్న పంపు. కొళాయి ఒత్తిడి చాలదు కాబట్టి అది నీళ్ళను పొరమీదికి నెడుతుంది. పొర దాటినవి ట్యాంకులోకి పోతాయి. దాటనివి ఇంకో సన్నగొట్టంలోంచి సింకులోకి పోతాయి. మొదటిసారి నిండిన ట్యాంకు నీళ్ళు తాగకుండా పారబోయమన్నాడు.

అత్తమ్మ చూపు మంచినీళ్ళ కొళాయి మీద లేదు, ఆ రెండో గొట్టం మీద ఉంది. కాసేపటికి లేచి దాని కింద బిందె పెట్టింది. ఇటు ఒక బిందె నిండేలోపల అటు మూడు నిండాయి.

"ఏం నాయనా, ఒక బిందె తాగేదానికి మూడు బిందెలు కాలవ పాలు చేయల్లా? దీనికి డబ్బులు వేరే ఇయ్యల్లా?"

"అన్ని మిషన్లూ ఇంతే పెద్దమ్మా" అన్నాడతను.

అతను చెప్పింది అబద్ధం కాదు. ఇంటి ఆర్వోలు మామూలుగా ఒక లీటరు మంచినీళ్ళకు మూడు లీటర్ల దాకా వదిలేస్తాయి. పొరమీద పేరుకున్న ఉప్పును కడుక్కుంటూ పోవడానికి ఆ నీళ్ళు కావాలి. లెక్క వేసి చూడండి. ఒక ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు పదిహేను లీటర్లు అనుకుంటే నలభై అయిదు లీటర్లు బయటికి పోతాయి. వెయ్యిళ్ళుంటే నలభై అయిదు వేల లీటర్లు, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. వెయ్యడుగుల కిందినుంచి కరెంటు పెట్టి తోడిన నీళ్ళు అవి. నీళ్ళు ఉప్పగా అయ్యాయని మిషను పెట్టుకున్నాం. మిషను కోసం ఇంకా నీళ్ళు తోడుతున్నాం. తోడేకొద్దీ బోరు ఇంకా లోతుకు పోతుంది, నీళ్ళు ఇంకా ఉప్పగా అవుతాయి. అత్తమ్మ ఒక్క ప్రశ్నలో అడిగింది ఇదే.

ఆరోజునుంచి మా ఇంట్లో ఆ గొట్టం సింకులోకి పోలేదు. నీళ్ళు డ్రమ్ములో పడతాయి, అంట్లు తోమడానికి, ఇల్లు తుడవడానికి, బాత్రూములకు వాడతాం. మొక్కలకు మాత్రం రోజూ అవే పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది. మామూలు నీళ్ళు కలిపి అప్పుడప్పుడే పోయాలి.

మూడిళ్ళు, మూడు జవాబులు

కుప్పంలో మా చెల్లెలి ఇంటికి ఒక సేల్స్ కుర్రాడు వచ్చి రెండు గ్లాసులు పెట్టాడట. ఒకదాంట్లో కొళాయి నీళ్ళు, ఒకదాంట్లో ఆర్వో నీళ్ళు. రెండింట్లోనూ కరెంటు కడ్డీలు ముంచాడు. కొళాయి నీళ్ళు నిమిషంలో కుంకుడురసంలా నురగ కట్టి గోధుమరంగుకు తిరిగాయి. ఆర్వో నీళ్ళు అలాగే ఉన్నాయి. "చూడండి మేడమ్, మీ పిల్లలు తాగేది ఈ విషం" అన్నాడట. చెల్లెలు భయపడి నాకు ఫోన్ చేసింది.

అందులో మురికి నీళ్ళది కాదు, కడ్డీది. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుపకడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు లేక కరెంటు సరిగా పారదు, కాబట్టి రంగు మారదు. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి చూపమంటే అదీ గోధుమరంగుకు తిరిగేది. మంచి కొబ్బరినీళ్ళు పోసినా అంతే.

చెల్లెలు ముందు టీడీఎస్ మీటరుతో చూసింది. నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది చూపుతుంది. వాళ్ళ వీధి కొళాయి నీళ్ళు మూడొందల లోపే ఉన్నాయి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం అయిదొందల దాకా బాగున్నట్టే. వేరే దారి లేనిచోట రెండువేల దాకా ఒప్పుకుంటారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ అయిదొందలకు తక్కువ ఉన్నచోట ఆర్వోలు వాడకుండా చేయాలని, వాడేచోట కనీసం అరవై శాతం నీళ్ళు తిరిగి దక్కేలా ఉండాలని కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. అంటే చెల్లెలి ఇంట్లో ఆర్వో పెడితే మంచి నీళ్ళనే కాలవలో పోసినట్టు. టీడీఎస్ మీటరుకు క్రిములు తెలియవు, ఫ్లోరైడూ తెలియదు. అందుకని సీసాలో నీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో కూడా ఇచ్చింది. ఫ్లోరైడ్ హద్దులోనే ఉంది. క్రిములను చంపే యూవీ ఫిల్టరు పెట్టుకుంది. దానికి రెండో గొట్టం లేదు.

పుంగనూరులో అమ్మ ఇంటి బోరు లెక్క వేరు. టీడీఎస్ వెయ్యి దాటింది, ఫ్లోరైడ్ గరిష్ఠ హద్దు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములను మించింది. అక్కడ ఆర్వో తప్పదు. అమ్మ ఇన్నాళ్ళూ బోరునీళ్ళు కాచి తాగుతూ జాగ్రత్తగా ఉన్నాననుకుంది. తన మోకాళ్ళ నొప్పులు వయసువో నీళ్ళవో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదుగానీ, మనవళ్ళు సెలవులకొస్తే ఆ నీళ్ళతో ఇంక వంట చేయనని మాత్రం తేల్చేసింది.

మదనపల్లెలో మాకు రెండూ ఉన్నాయి. మున్సిపాలిటీ నీళ్ళొచ్చే రోజుల్లో అవి పట్టి కాచి తాగుతాం. బోరునీళ్ళ రోజుల్లోనే ఆర్వో వాడతాం. కొంచెం పని ఎక్కువే. అయినా కాలవలోకి పోయే నీళ్ళు సగానికి తగ్గాయి, పొర కూడా ఎక్కువకాలం వస్తోంది.

ఆర్వో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవలసినవి నాలుగే. మట్టి ఆపే కండె రంగు మారితే మార్చాలి, అది పది మందికీ కనబడేదే. మంచినీళ్ళ టీడీఎస్ నెలకోసారి కాగితం మీద రాసుకోవాలి. అది పెరుగుతూ పోతుంటే పొర అరిగిందని అర్థం. సర్వీసు అబ్బాయి "మార్చాలి" అన్నప్పుడు ఆ కాగితం చూపించండి. టీడీఎస్‌ను ఇరవైకీ ముప్పైకీ దించడం గొప్ప కాదు. లవణాలు బొత్తిగా లేని నీళ్ళు చప్పగానే ఉంటాయి, ఒంటికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఊరికి పోయి వారం తర్వాత వస్తే ట్యాంకులో నిలిచిన నీళ్ళు వదిలేయాలి.

ఇప్పుడు వస్తున్న నీళ్ళు

మా మూడూళ్ళ కథలో ఇంకో అధ్యాయం మొదలైంది. శ్రీశైలం జలాశయం వెనకనుంచి మాల్యాల దగ్గర కృష్ణా నీళ్ళను ఎత్తిపోసి రాయలసీమకు తెచ్చే హంద్రీ-నీవా కాలువ పుంగనూరు బ్రాంచి దాటి కుప్పం బ్రాంచి దాకా వచ్చింది. 2025 ఆగస్టు చివర్లో కుప్పం దగ్గర పరమసముద్రం చెరువుకు నీళ్ళొస్తే జనం పూలు చల్లి హారతి ఇచ్చారు. కృష్ణ నీళ్ళు ఏడొందల కిలోమీటర్ల పైన నడిచి, కొండలెక్కి మా చెరువులో పడ్డాయి. అవ్వ చూసి ఉంటే నమ్మేది కాదు.

నదినీళ్ళలో మా బోరునీళ్ళంత ఉప్పు ఉండదు. చెరువులు నిండితే బోర్లలో నీళ్ళు పైకొస్తాయి, కొన్నేళ్ళకు ఉప్పదనమూ తగ్గవచ్చు. అప్పుడు మనకు కావలసింది ఆర్వో కాదు, శుభ్రమైన పైపులైను, సరిగా కలిపిన క్లోరిన్, రోజూ వచ్చే కొళాయి. కానీ ఇంటింటా ఆర్వో, గుమ్మంలో క్యాను ఉన్నంతకాలం కొళాయి నీళ్ళు ఎలా ఉన్నాయని ఎవరూ వార్డు ఆఫీసుకు పోయి అడగరు. బోరింగు చెడిపోతే వీధి ఆడవాళ్ళంతా బిందెలు ఎత్తుకుని మున్సిపాలిటీ ముందు కూర్చోవడం నా చిన్నప్పుడు చూశాను. ఫిల్టరు చెడిపోతే మనం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాం. ఫిల్టరు కొనలేనివాళ్ళు మాత్రం ఆ కొళాయి నీళ్ళే తాగుతున్నారు. మళ్ళీ ఒకరి బిందె దూరంగా ఉండిపోతోంది, ఈసారి కంటికి కనబడకుండా.

మీ ఇంట్లో మిషను పెట్టించే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. అవసరమైతేనే ఆర్వో పెట్టుకోండి, పెట్టుకుంటే ఆ రెండో గొట్టం కింద డ్రమ్ము పెట్టండి. మేడ మీద పడే వాననీళ్ళు బోరు పక్కన ఇంకుడుగుంతలోకి పోయేలా గొట్టం తిప్పండి. ఇంకోమాట. ల్యాబు కాగితాన్ని ఇంట్లో దాచుకోకుండా ఒక కాపీ వార్డు ఆఫీసులో ఇచ్చి, మా వీధి నీళ్ళు ఇలా ఉన్నాయి, ఏం చేస్తారని అడగండి. మా చెల్లెలు ఇచ్చి వచ్చింది. అమ్మ బోరు కాగితం ఈ సోమవారం పుంగనూరుకు పోయి నేను ఇవ్వాలి.